బసప్ప మీద నా కడుపుమంట

క్లారినెట్ పట్టుకుని పాతికేళ్లకు పైగా ఆదోని బజార్లలో నడిచినవాణ్ణి. చివర్లో ఒకసారి నాకు శాలువా కూడా కప్పారు. కప్పినాయన మైకు నా మూతి దగ్గర పెట్టి, "ఉరుకుందప్ప గారూ, మీ కళకు స్ఫూర్తి ఎవరు?" అని అడిగాడు. నేను గొంతు సవరించుకుని తుంగభద్ర గలగలలన్నాను, పక్షుల కిలకిలలన్నాను, ఇంకా ఏదేదో వాగాను. జనం చప్పట్లు కొట్టారు. అంతా అబద్ధం. తుంగభద్ర మా పేట నుంచి ఎంత దూరమో నాకు తెలుసు. పక్షులంటారా, మా పేటలో కాకులు తప్ప ఇంకేవీ వాలేవి కావు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఆ అబద్ధం చేరకూడదని ఇప్పుడు కూర్చుని నిజం రాస్తున్నాను. నాకు స్ఫూర్తి కడుపుమంట. దాని పేరు బసప్ప, ఊరు ఎమ్మిగనూరు. వాడు లేకపోతే నేను వాయించగలిగేవాణ్ణే కాదు. వాడు ఉన్నన్నాళ్లూ నాకు కంటినిండా నిద్ర లేదు. ఈ రెండు మాటలూ నిజమే.

పని అంటే ఏమిటంటే

మా బ్యాండు మేస్త్రి ఖాసీం సాబు. ముందు పళ్లు రెండూ ఊడిపోయి, ట్రంపెట్ వదిలేసి, చేతిలో బెత్తం పట్టుకుని మా ముందు నడిచేవాడు. డెబ్బైల మొదట్లో నేను ఆయన దగ్గర చేరినప్పుడు ఆరు నెలలు ఒక్క పాట కూడా నేర్పలేదు. ఒకే స్వరం ఊదించేవాడు. ఊపిరి అయిపోయేదాకా ఊదాలి, మళ్లీ పీల్చి ఊదాలి. ఇదేం చదువని నేను గొణిగితే, "పాట ఎవడైనా వాయిస్తాడు బేటా, నడస్తా వాయించేటోడే బ్యాండోడు" అనేవాడు.

ఆ మాట నాకు మొదటి ఎండాకాలంలోనే అర్థమైంది. మన లగ్నాలన్నీ ఎండాకాలంలోనే వచ్చి పడతాయి. ఎర్రటి మందపాటి కోటు, ఇత్తడి బొత్తాలు, కాళ్లకు గుడ్డ బూట్లు. కింద తారు కరుగుతుంటే, పైన తల మాడుతుంటే, పెదాలు పగిలి నెత్తురు కారుతుంటే నవ్వు మొహంతో ఊదాలి. ఆదోని ఎండకు కొయ్య క్లారినెట్ నిలువునా చీలిపోతుంది. పెట్టెలో తడి గుడ్డ వేసి పెట్టుకోండి. వాయించబోయే ముందు శెనక్కాయలు తినకండి, పలుకు ముక్క మూతి దగ్గరుండే సన్న బద్ద, అదే రీడు, దాని కింద ఇరుక్కుంటే పెళ్లికొడుకు ముందే మీ క్లారినెట్ కోడిలాగా కూస్తుంది. ఇది నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను. అన్నం ఎప్పుడూ ఆఖరి బంతిలోనే పెడతారు, పప్పు అయిపోయి చారు మిగిలి ఉంటుంది. దానికి ఏడవకండి. ఏడవడానికి ఈ పనిలో ఇంకా చాలా ఉన్నాయి.

మూడేళ్లు తిరిగేసరికి నేను ముందు వరుసలోకి వచ్చాను. బ్యాండులో ముందు వరుస క్లారినెట్ అంటే పెళ్లికొడుకు తర్వాత పెళ్లికొడుకు. జనం వాణ్ణే చూస్తారు, పాట వాడినే అడుగుతారు. నా ఊపిరి గట్టిది. ఒక వీధి మొదట్లో పట్టుకున్న స్వరాన్ని మలుపు దాకా లాగేవాణ్ణి. ఖాసీం సాబు మెచ్చుకుంటూనే ఒక మాట అనేవాడు: "ఉరుకుందూ, నీది ఎద్దు ఊపిరి. చెవి మాత్రం రాతి చెవి." నేను ఊపిరి సంగతి విని సంతోషపడి, చెవి సంగతి చెవిన వేసుకోలేదు.

ఎదురు మెరవణి

మంచి లగ్నం ఉన్న రోజు ఆదోనిలో పది పన్నెండు పెళ్లిళ్లు జరిగేవి. ఊరేగింపును మేము మెరవణి అంటాం. రెండు మెరవణులు ఒకే బజారులో ఎదురుపడటం మామూలే. అలా ఎదురైనప్పుడు మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. రెండు బ్యాండుల్లో ఏదీ ఆపకూడదు. ముందు ఆపిన బ్యాండు ఓడినట్టు. ఆ బ్యాండును పిలిచిన పెళ్లివాళ్లకు కూడా ఓడినట్టే లెక్క. పక్కకు ఒదిగి దాటిపోయేదాకా ఎవడి పాట వాడు వాయించాల్సిందే.

ఒకరోజు పొద్దున్నే మేము పెళ్లికొడుకును జీపులో కూర్చోబెట్టుకుని పెళ్లి జరిగే చత్రానికి తీసుకుపోతున్నాం. ఎదురుగా ఎమ్మిగనూరు బ్యాండు వచ్చింది. ముందు ఒక బక్కపలచని మనిషి. చేటల్లాంటి చెవులు, జారిపోతున్న ప్యాంటు, దాన్ని పైకి లాక్కోవడానికి పాట మధ్యలో ఒక చెయ్యి తీసేవాడు. వీడా నాకు ఎదురు అనుకున్నాను. ఊపిరంతా పోసి, డ్రమ్ములవాళ్లకు సైగ చేసి, వేగం పెంచాను. మా చప్పుడుకు అంగళ్లలో గాజు సీసాలు అదిరాయి.

వాడు వేగం పెంచలేదు. ఇంకా తగ్గించాడు. మా రొద మధ్యలో సన్నగా ఒక స్వరం పైకి తీసుకుపోయి, ఉన్నట్టుండి తుంచేశాడు. ఆపేశాడనే అనుకున్నాను. గెలిచానని కళ్లు మెరిశాయి. ఇంతలో వాడు ఎక్కడో కింద నుంచి మళ్లీ అందుకున్నాడు. ఆ తుంచిన చోట బజారంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. జనం నా వైపు నుంచి వాడి వైపు జరిగారు. అరటిపళ్లు అమ్మే ఆమె బండి వదిలేసి పోయింది. చివరికి మా జీపులో కూర్చున్న మా పెళ్లికొడుకు కూడా బాసికం సర్దుకుంటూ వెనక్కి తిరిగి వాడినే చూశాడు.

మేము ఆపలేదు. వాళ్లూ ఆపలేదు. దాటిపోయాక మావాళ్లు నా భుజం తట్టారు. "ఏం ఊదినావన్నా! వాళ్ల శబ్దమే ఇనపడలే" అన్నారు. ఖాసీం సాబు మాత్రం బెత్తం చంకలో పెట్టుకుని ఎదుటి బ్యాండు పోయిన వైపే చూస్తూ నిలబడ్డాడు. "ఎవడురా వాడు?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న నా కడుపులో పడింది.

వెనక వరుస

తర్వాతి ఎండాకాలానికి ఖాసీం సాబు వాణ్ణి మా బ్యాండులోకి తెచ్చాడు. బసప్ప నేతపని చేసుకునేవాడు. లగ్నాల రోజుల్లో క్లారినెట్, మిగిలిన రోజుల్లో మగ్గం.

"ఈ సీజను బసప్ప ముందు నడుస్తాడు. నువ్వు రెండో వరుస" అన్నాడు ఖాసీం సాబు.

"నేనేం తప్పు చేసినా సాబూ?"

"తప్పు చేసినావని ఎవరన్నారు? వాడు బాగ వాయిస్తాడు. అంతే."

ఏదైనా తప్పు చూపించి ఉంటే తట్టుకునేవాణ్ణి. వాడు బాగా వాయిస్తాడు, అంతే అన్న మాటను ఎలా తట్టుకోవాలి? ఆ సీజనంతా వాడి వీపు చూస్తూ నడిచాను. వాడి మెడ మీద చెమట ఎలా కారుతుందో, ఊపిరి పీల్చేటప్పుడు ఎడమ భుజం ఎలా లేస్తుందో ఇప్పటికీ బొమ్మ గీయగలను. వాడితో మాట్లాడాలంటే నోరు చేదయ్యేది. వాడు కూడా మాట కలిపే రకం కాదు. బస్సుకు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాడు. మన రీడు చూసి అడగకుండానే "ఇది పనికిరాదు, పారెయ్" అనేవాడు. వాడు అన్నాడంటే నిజంగానే పనికిరాదు. అది ఇంకా మంట.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. వాడి వెనక నడిచిన ఆ సీజనులో నేను నేర్చుకున్నంత అంతకు ముందు మూడేళ్లలో నేర్చుకోలేదు. తెల్లారకముందే లేచి సాధన చేసేవాణ్ణి. భక్తితో కాదు, కసితో. కళాకారుడికి మనసు నిర్మలంగా ఉండాలని చెప్పేవాళ్లు కనిపిస్తే దండం పెట్టి పక్కకు తప్పుకోండి. మనసు నిర్మలంగా ఉన్నవాడు హాయిగా పడుకుంటాడు, నాలుగు గంటలకు లేచి రీడు నానబెట్టుకోడు.

కానీ ఎంత సాధన చేసినా ఆ తుంచడం మాత్రం నాకు పట్టుబడలేదు. నేను తుంచితే ఊపిరి ఆడక ఆగినట్టుండేది. వాడికి అది ఎక్కడ దొరికిందో తెలుసుకోవాలని వాడి వెంట పడ్డాను. పని లేని రోజు ఏదో ఒక వంకతో ఎమ్మిగనూరు బస్సెక్కేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం వాళ్ల నేతగాళ్ల వీధిలో ఎవరో పోయారు. బ్యాండు పిలవలేదు, పిలిచే స్తోమత లేని ఇల్లు. అరుగు మీద ఆడవాళ్లు గుంపుగా కూర్చుని రాగాలు తీసి ఏడుస్తున్నారు. బసప్ప ఎదుటి ఇంటి గోడకు ఆనుకుని గొంతుకూర్చున్నాడు. చేతిలో క్లారినెట్ లేదు. కళ్లు మూసుకుని వింటున్నాడు. పోయినవాడి పెళ్లాం "నా సామీ" అని పైకి ఎత్తుకుని, మధ్యలో గొంతు తెగిపోయి, మళ్లీ నేలలో నుంచి తవ్వుకున్నట్టు "నన్ను యాడ ఇడిసిపోతివి" అని అందుకుంది.

నాకు ఒళ్లు జలదరించింది. దుఃఖంతో కాదు, దొరికిందన్న సంబరంతో. బజారులో వాడు తుంచింది సరిగ్గా అలాగే. ఇన్నాళ్లూ వాడికేదో గురువు ఉన్నాడనుకున్నాను. వాడి గురువులు అరుగుల మీద కూర్చుని ఏడ్చే ఆడవాళ్లు. ఆ ఏడుపును నోట్లో నానుస్తూ, మరిచిపోతానేమోనన్న భయంతో దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా ఆదోని వచ్చేశాను.

పెద్దకడుబూరు పెళ్లి

దొంగిలించడం తప్పని నేను అనను. ఈ పనిలో అందరూ దొంగలే. కాకపోతే దొంగిలించినదాన్ని ఎప్పుడు వాడాలో తెలియాలి. అది తెలియకపోతే ఏమవుతుందో చెబుతాను.

పెద్దకడుబూరులో ఒక పెద్ద రైతు ఇంట పెళ్లి. ఆరోజు బసప్ప ఇంకా రాలేదు, మామూలుగానే బస్సు తప్పిపోయాడు. ఖాసీం సాబు నన్ను ముందుకు నడవమన్నాడు. ఊరంతా బయట నిలబడి ఉంది. పెళ్లికొడుకును ఎద్దులబండి మీద కూర్చోబెట్టి మెరవణి మొదలుపెట్టారు. నేను నెల రోజులుగా దాచుకున్నదాన్ని బయటికి తీశాను. పైకి ఎత్తుకున్నాను, తుంచాను, కింద నుంచి అందుకున్నాను. అచ్చం వాడిలాగే వచ్చింది. జనం గుసగుసలు మానేశారు. నా ఛాతీ ఉబ్బిపోయింది. ఇంకోసారి వాయించాను. మూడోసారి వాయిస్తుండగా బండి ముందుకు ఒక ముసలామె చేతులు అడ్డం పెట్టుకుంటూ వచ్చింది. పెళ్లికొడుకు అవ్వ.

"ఆపండ్రా! ఆపండి! ఎవరు సచ్చినారని ఏడుస్తాండారు మీరు?"

డ్రమ్ములు ఒక్కొక్కటే ఆగాయి. నాకు ఏమీ అర్థం కాలేదు. "పాట వాయిస్తాండామవ్వా" అన్నాను.

"పాటంట పాట! నా పుట్టిల్లు ఎమ్మిగనూరురా. మా యక్క మొగుడు పోయినప్పుడు నేను పక్కన కూసోని ఏడ్సిన ఏడుపు ఇది. నా మనవడు పసుపు బట్టల్లో ఉండాడు, వాని ముందర పీనుగ ఏడుపు ఏడుస్తావా? నీ నోట మన్ను పడ!"

పెళ్లికొడుకు తండ్రి కోపంతో ఊగిపోతున్నాడు. ఆడవాళ్లు అపశకునం అపశకునం అని నెత్తులు బాదుకుంటున్నారు. ఖాసీం సాబు టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఆ ముసలామె కాళ్ల దగ్గర వంగి, "తప్పయింది తల్లీ, మావోనికి తెల్దు" అన్నాడు. అంత పెద్ద మనిషి నా మూలంగా అంత మందిలో వంగడం చూశాను. కొబ్బరికాయ కొట్టించి, బండిని వెనక్కి ఇంటి దాకా తీసుకుపోయి, మెరవణి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టించారు. అప్పటికి బసప్ప వచ్చాడు. వాడే ముందు నడిచాడు. నన్ను క్లారినెట్ పెట్టెలో పెట్టేసి తాళాలు వాయించమన్నారు.

అన్నాల దగ్గర వాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తిడతాడేమో అనుకున్నాను.

"నా ఎనకాల వచ్చినావా మా వీధికి?"

నేను చారు కలుపుకుంటూ తల దించుకున్నాను.

"అది నేను మెరవణిలో ఎప్పుడూ అట్లనే వాయించనప్పా" అన్నాడు. "ఆ తుంచేది ఒక్కటే తీసుకుంటా, మాటలు తీసేస్తా. అచ్చంగా వాయించేది అప్పగింతలప్పుడే. ఆడ తల్లి ఏడుస్తాంటాది, పిల్ల ఏడుస్తాంటాది. ఆడ ఏడుపు పెండ్లిలోదే. నువ్వు ఏడుపు ఇన్నావు గానీ, ఎందుకేడుస్తాండారో ఇనలేదు."

చెప్పింది అక్షరాలా నిజం. ఆ నిజం వాడి నోటి నుంచి వచ్చినందుకు వాడి మీద మంట రెండింతలైంది. నేను బంతిలో నుంచి లేచిపోయాను.

నేను అన్న మాట

ఇక్కడి నుంచి రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను, ఎందుకంటే ఈ పనిలో మీరు చేయబోయే అసలు తప్పు ఇదే.

ఎనభైలు మొదలయ్యేసరికి బసప్ప పేరు ఆలూరు దాకా పాకింది. పెళ్లివాళ్లు బ్యాండు పేరు అడగడం మానేసి, బసప్ప వస్తాడా రాడా అని అడిగేవాళ్లు. ఒకరోజు తుగ్గలి వైపు నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. ఖాసీం సాబు లేడు, టీ హోటలు దగ్గర నేనే ఉన్నాను. "బసప్పను తప్పకుండా పంపండప్పా" అన్నారు.

నేను టీ గ్లాసు కింద పెట్టి, నిట్టూర్చి, "బసప్పా? పాపం... ఏం సెప్పాలన్నా. దగ్గుతాండాడు" అన్నాను. "ఊపిరి పని గదా. పెద్దాసుపత్రికి పోయొస్తాండాడని ఇన్నా."

అంతే అన్నాను. టీబీ అన్న మాట నేను అనలేదు, అనే అవసరం లేకుండా చేశాను. బసప్పకు జలుబు కూడా లేదు. ఆ ఇద్దరూ మొహాలు చూసుకుని, "అయ్యో, అయితే వద్దులే, పెండ్లి ఇంట్లో పిల్లోళ్లుంటారు" అన్నారు. నెల తిరిగేసరికి ఆ మాట నాకంటే ముందే ఊళ్లు తిరిగొచ్చింది. వాడు తాగిన గ్లాసును పెళ్లి ఇళ్లలో విడిగా పెట్టారు. వాడు బలంగా వాయిస్తే రోగం ముదిరి ఆయాసపడుతున్నాడన్నారు, మెల్లగా వాయిస్తే ఊపిరి లేదన్నారు. చివరికి ఖాసీం సాబే పిలవడం మానేశాడు. బసప్ప ఒక్కసారి కూడా వచ్చి గొడవ పడలేదు. వాడికి తెలియదనుకుని తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను.

ముందు వరుస నాకు తిరిగి వచ్చింది. కోరుకున్నది అదే కదా! మొదటి మెరవణిలో హుషారుగా నడిచాను. రెండో దానిలో నడిచాను. తర్వాత ఏమైందో నాకే తెలియలేదు, వాయించాలనిపించడమే పోయింది. ఎవడి వీపు చూసి కసిగా ఊదేవాణ్ణో ఆ వీపు లేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చేది, లేవబుద్ధి అయ్యేది కాదు. పాటలు అలవాటుగా ఊదేవాణ్ణి. ఖాసీం సాబు ఒకరోజు బెత్తం ఆపి, "ఎవరో చచ్చినట్టు వాయిస్తాండావేందిరా" అన్నాడు. అప్పటికి క్యాసెట్లు, స్పీకర్లు వచ్చేశాయి. అందరూ మా పని పడిపోవడానికి వాటినే తిట్టారు, నేనూ తిట్టాను. నా పని పడిపోయింది మాత్రం స్పీకర్ల వల్ల కాదు. ఓర్వలేనంత గొప్పగా వాయించేవాణ్ణి నా ఎదుట నుంచి నేనే తరిమేసుకున్నాను.

మా అమ్మ

మా అమ్మ జిన్నింగు మిల్లులో పత్తి ఏరేది. దూదిలో నుంచి నలుసులు, ఆకులు, గింజ ముక్కలు ఏరి పారెయ్యడం పని. అలా రెండేళ్లు గడిచాక ఒకరోజు ఉదయం పనికి బయలుదేరబోతూ గడపలో కూర్చుని ఇంక లేవలేదు.

బ్యాండువాడి ఇంట్లో చావు జరిగితే పిలవాల్సిన పని లేదు, రెండు ఊళ్ల వాయిద్యగాళ్లూ వాళ్లంతట వాళ్లే వస్తారు. కొడుకు మాత్రం వాయించకూడదు, నిప్పుకుండ పట్టుకుని ముందు నడవాలి. మధ్యాహ్నానికి అందరూ చేరారు. బసప్ప కూడా వచ్చాడు. ఇంకా బక్కచిక్కాడు. చంకలో పెట్టె. నన్ను పలకరించలేదు. ఎవరూ చెప్పకుండానే వాడికి ముందు వరుసలో చోటు వదిలారు.

శవం లేచింది. కుండ పట్టుకుని నేను ముందు, పాడె నా వెనక, దాని వెనక బ్యాండు. మామూలుగా వాయించేది ఒకటి వాయిస్తారనుకున్నాను. వీధి మలుపు తిరిగాక మిగిలినవాళ్లంతా ఆపేశారు. బసప్ప ఒక్కడే ఎత్తుకున్నాడు. అది ఏడుపు కాదు. చేతులు పని చేసుకుంటుంటే నోరు ఊరికే ఉండలేక తీసే కూనిరాగం. నేను ఎప్పుడూ విననిది. వీడు చావులో ఇదేం వాయిస్తున్నాడని చిరాకు పడ్డాను.

అంతలో వెనక మిల్లు ఆడవాళ్లు ఒక్కసారిగా గొల్లుమన్నారు. తర్వాత ఏడుపు దిగమింగుకుని ఒక్కొక్కరే ఆ రాగంలో గొంతు కలిపారు.

"నలుసేరవే తల్లీ నలుసేరవే
తెల్లాని దూదిలో నల్లాని నలుసేరవే..."

అమ్మతో పాటు పత్తి ఏరే సుంకమ్మ నా పక్కకు వచ్చి, నా మొహం చూసి ఆశ్చర్యపోయింది. "ఇది మీ యమ్మ పాట గదప్పా! మిల్లులో దినామూ పాడుతాండె. నీకు తెల్దా?"

"వానికెట్ల తెల్సు?" అన్నాను. తల్లి శవం ముందు నడుస్తూ నేను అడిగిన మొదటి మాట అది.

"వాడు రెండు సీజన్లు మా మిల్లులో పత్తి బేళ్లు మోసినాడు గదా. బ్యాండోళ్లు పిలిసేది మానేసినారంట. మీ యమ్మ పక్కనే కూసోని రొట్టె తినేటోడు, పాడించుకునేటోడు. ఆమె నీకు సెప్పలేదా?"

చెప్పలేదు. పాట కూడా ఇంట్లో పాడేది కాదు. ఎందుకు పాడేది కాదో ఆ వీధిలో, కుండ చేతిలో పట్టుకుని నడుస్తుండగా గుర్తొచ్చింది. క్లారినెట్ పట్టిన కొత్తలో, ఆమె మూల కూర్చుని ఏదో తీస్తుంటే నేనే అరిచాను: "గమ్మునుండవే అమ్మా, సాధన చేసుకుంటాండా!" ఆ తర్వాత నేనున్నంతసేపూ ఆమె నోరు మెదపలేదు. వాడి దగ్గరున్నది ఏమిటా అని నేను ఎమ్మిగనూరు బస్సులెక్కి తిరిగాను. వాడికి అన్నం లేకుండా చేసి, ఆ మిల్లుకు, మా అమ్మ పక్కకు వాణ్ణి పంపింది కూడా నేనే.

పశ్చాత్తాపంతో కుమిలిపోయానని రాస్తే బాగుంటుంది. అది తర్వాత సంగతి. ఆ నడకలో నాకు కలిగింది మళ్లీ అదే మంట. నా తల్లి పాట కూడా వాడికే దక్కిందే అని.

పెద్దకర్మ అయిన మర్నాడు క్లారినెట్ తీసుకుని ఎమ్మిగనూరు పోయాను. వాడు మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పని ఆపలేదు.

"నీకు రోగమని సెప్పింది నేనే" అన్నాను.

"తెల్సు."

"తెల్సీ మా యమ్మకు వాయించనీకె వచ్చినావా?"

"ఆయమ్మ కోసం వచ్చినా. నీ కోసం కాదు."

నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. పోవాలనిపించింది. పోలేకపోయాను.

"ఆ పాట నాకు నేర్పు బసప్పా."

వాడు మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె ఆపి నా వైపు చూశాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"పెట్టె ఆడ పెట్టు" అన్నాడు. "ముందు నోటితో పాడు. ఆయమ్మ ‘నలుసు’ దగ్గర కొంచెం ఆగేది, యేలికి తగిలిందో లేదో సూసుకోనీకె. ఆడ తొందరపడొద్దు."

మూడు రోజులు పోయి వచ్చాను. మా అమ్మ పాటను వాడి దగ్గర నేర్చుకున్నాను. ఇప్పటికీ పొద్దున్నే ఒకసారి వాయిస్తాను. ఆ ఆగేచోట నాకు వాడంత బాగా రాదు.